వానలు పడగానే రాలిపోతున్న రెప్ప వెంట్రుకలు

ప్రశ్న: అక్కా, నాకు 26 ఏళ్లు. మాది వరంగల్ కొత్తవాడ. నాన్న జంపఖానాలు నేసేవారు. నేను హనుమకొండలో రెండు కుర్చీల పార్లర్ నడుపుతున్నాను. హైదరాబాద్‌లో మూడు రోజుల కోర్సు చేసి, మార్చి నుంచి ఐలాష్ ఎక్స్‌టెన్షన్లు (సొంత రెప్ప వెంట్రుకలకు అతికించే కృత్రిమ వెంట్రుకలు) వేస్తున్నాను. వేసవిలో వేసినవి రెండు వారాలకు పైగా నిలిచాయి. వానలు మొదలైనప్పటి నుంచి నాలుగో రోజుకే రాలిపోతున్నాయి. గ్లూ మంచిది కాదేమోనని అర సెకనులో పట్టే ఖరీదైన రకం తెప్పించాను. ఇంకా అధ్వానంగా ఉంది. ఒకావిడకు నాలుగైదు వెంట్రుకలు కట్టగా అతుక్కుని, సొంత వెంట్రుకలతో సహా ఊడి వచ్చాయి. ఇంకొకరు పని జరుగుతున్నంతసేపూ కళ్లు మండాయన్నారు. పార్లర్‌లో ఏసీ లేదు, కూలర్ ఉంది. శ్రావణంలో మా చిన్నమ్మ కూతురి పెళ్లి. తనకు 15 మిల్లీమీటర్లవి, బాగా వంపు తిరిగినవి కావాలట. వేయమంటారా, ఈ పని మానేయమంటారా?

సమాధానం: ముందు ఒక మాట. మూడో సీసా కొనకండి. మీ గ్లూకు పట్టిన జబ్బు సీసాలో లేదు, గదిలో ఉంది. మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా పనికొచ్చిన మాట చివర్లో రాసిన ఆ కూలర్.

మైదా బంక, ఫెవికాల్ లాంటివి తమలోని నీరు ఆవిరైపోయి గట్టిపడతాయి. మన లాష్ గ్లూ దీనికి పూర్తిగా తిరగబడిన రకం. అందులో ఉండేది సైనోయాక్రిలేట్. అది గాలిలోని తేమను పట్టుకుని గట్టిపడుతుంది. తెగిన చెప్పు అతికించే ఫెవిక్విక్‌ది కూడా ఈ వంశమే. (అలాగని దాన్ని కంటి దగ్గరకు తేవద్దు. తెచ్చినవాళ్లను చూశాను కాబట్టి చెబుతున్నాను.) ఈ గ్లూకు గాలిలో తేమ 45 నుంచి 60 శాతం, వేడి 20 నుంచి 24 డిగ్రీల మధ్య ఉంటే హాయి. మే నెలలో మన గాలి ఎండుటాకులా ఉంటుంది. మీ కూలర్ ఆ పొడి గాలికి నీళ్లు కలిపింది, మీకు తెలియకుండానే గ్లూకు కావలసిన తేమ అమరింది. మీ వేసవి విజయంలో సగం వాటా దానిదే! వానాకాలంలో బయట తేమ 70 శాతం దాటడం మామూలే. దానికి తోడు అదే కూలర్ తిరుగుతుంటే, పక్క కుర్చీలో ఎవరికో ఫేషియల్ ఆవిరి పడుతుంటే, గ్లూ ఏం చేస్తుంది? చుక్క నుంచి తీసి కంటి దాకా తెచ్చేలోపే పాల మీద మీగడలా పైన పొర కట్టేస్తుంది. అలా పొర కట్టిన గ్లూ వెంట్రుకకు తగులుతుంది కానీ పట్టుకోదు. ఈ స్థితిలో మీరు అర సెకను రకం తెప్పించారు. అది చేయి తిరిగినవారి కోసం, అదీ తేమ అదుపులో ఉన్న గది కోసం చేసింది. నాలుగు నెలల చేతికి రెండు మూడు సెకన్లు తీసుకునేదే సరైన గ్లూ.

నా మాట మీద నమ్మకం కుదరకపోతే రాలినవాటినే సాక్ష్యం అడగండి. ఈసారి కస్టమర్‌కు చిన్న పొట్లం ఇచ్చి, ఊడినవి అందులో దాచి తెమ్మనండి. తెల్ల కాగితం మీద పరచి, భూతద్దంతో మొదలు చూడండి. ఒక ఎక్స్‌టెన్షన్‌కు ఆమె సొంత వెంట్రుక ఒకటే అంటుకుని ఉంటే మీ పనిలో తప్పు లేదు. ఆ వెంట్రుక వయసు తీరి రాలింది. రోజుకు రెండు మూడు అలా పోవడం సహజం. సొంత వెంట్రుక లేకుండా, మొదట్లో గ్లూ చిన్న నల్లటి ఒరలా, ఖాళీ గొట్టంలా కనబడితే మాత్రం గ్లూ ముందే గట్టిపడిందని, లేదా వెంట్రుక మీద నూనె ఉందని అర్థం. ఒరంతా తెల్లబారి ఉంటే తేమ మరీ ఎక్కువైంది. నాకు ఈ కిటుకు ఎవరూ నేర్పలేదు. రెండేళ్లు గ్లూ కంపెనీలను తిట్టుకున్నాక తెలిసింది.

మీరు కొనవలసింది తేమను కొలిచే హైగ్రోమీటర్. కొన్ని వందల రూపాయల్లో వస్తుంది. గోడకు తగిలించకండి, కస్టమర్ తల పక్కనే పెట్టండి. మీకు కావలసింది అక్కడి గాలి లెక్క. పార్లర్ మొత్తానికి ఏసీ పెట్టించే స్తోమత లేకపోతే లాష్ పని చేసే మూలను అరగా విడదీసి, దానికి ఒక చిన్న ఏసీ పెట్టి, డ్రై మోడ్‌లో నడపండి. అప్పటిదాకా కూలర్ ఆపేయండి. ఆవిరి యంత్రాన్ని, తడి తువాళ్లను ఆ ఛాయలకు రానివ్వకండి. జోరుగా వాన పడుతున్న రోజు లాష్ పని ఒప్పుకోకండి.

సీసా మూత తీసిన తేదీ దాని మీదే రాసుకోండి. నాలుగు నుంచి ఆరు వారాలు దాటితే ఎంత మిగిలినా పారేయాలి. పారేసేటప్పుడు ప్రాణం ఉసూరుమంటుంది, నాకూ అంతే. తెరిచిన సీసాను ఫ్రిజ్‌లో పెట్టవద్దు, బయటికి తీసినప్పుడల్లా చెమర్చి తేమ లోపలికి పోతుంది. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, నిటారుగా నిలబెట్టండి. వాడే ముందు నిమిషం పాటు బాగా కలపండి. పని మొదలయ్యాక ప్రతి 15, 20 నిమిషాలకు కొత్త చుక్క వేయండి. ఈ వానల్లో పది నిమిషాలకే మార్చినా తప్పు లేదు. ట్వీజర్‌తో తాకితే పాకంలా తీగ సాగుతోందంటే ఆ చుక్క పని అయిపోయినట్టే.

ఇప్పుడు ఊడిన ఆ కట్ట సంగతి. దీన్ని వానల మీదకు నెట్టలేం. ఇది మీ చేతి తప్పు.

పాత పడుగు అయిపోయినప్పుడు దాని కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా అతకడం మీ ఇంట్లో చూసే ఉంటారు. ఒక పోగుకు ఒకటే పోగు. పక్క పోగును కూడా కలిపేస్తే మగ్గం మీద రెండూ ఒకేసారి లాగబడి, ఏదో ఒకటి తెగుతుంది. రెప్ప మీదా అదే లెక్క. పై రెప్పకు ఉండే 90 నుంచి 150 వెంట్రుకలు ఒకే ఈడువి కావు. కొన్ని నిన్న మొన్న మొలిచిన పిల్ల వెంట్రుకలు, కొన్ని ఎదిగి ఆగినవి, కొన్ని రేపో మాపో రాలేవి. మీరు ఎదిగిన దానికీ పిల్లదానికీ కలిపి గ్లూ అంటించారనుకోండి. పిల్లది రోజురోజుకూ పొడుగవుతూ పైకి తోస్తుంది, ముసలిది కదలదు. రెండింటి మధ్యా పీకులాట మొదలవుతుంది. కస్టమర్‌కు రెప్ప సలుపుతుంది, చేయి తెలియకుండానే అక్కడికి పోతుంది, గిల్లుతుంది. అప్పుడు ఇంకా రాలే వయసు రానివి కూడా కుదుళ్లతో సహా వస్తాయి. పదే పదే ఇలా జరిగితే కుదురు దెబ్బతిని, అక్కడ మళ్లీ మొలవడమే కష్టమవుతుంది.

కాబట్టి మీరు నేర్చుకోవలసింది అతికించడం కన్నా ముందు విడదీయడం. ఎడమ చేతిలో సూటి ట్వీజర్, కుడి చేతిలో వంపు ట్వీజర్. సూటిదాన్ని మూసి వెంట్రుకల మధ్యకు పంపి, మెల్లగా తెరవండి. రెండు మొనల మధ్య ఒకే ఒక వెంట్రుక నిలబడాలి. దాని పక్కన బూడిద రంగులో, సన్నగా, సగం పొడుగున ఏదైనా కనబడుతోందా? అదే పిల్ల వెంట్రుక. కనబడితే మళ్లీ మొదలుపెట్టండి. ఎక్కువమంది ఇక్కడే తొందరపడతారు. కంటికి ఒకటే కనబడుతుంది, దాని వెనుక దాక్కున్నది కనబడదు. అందుకే కూర్చున్నచోటు నుంచి తల కాస్త పక్కకు వంచి, రెండో కోణం నుంచి కూడా చూసుకోవాలి.

తరువాత వంపు ట్వీజర్‌తో ఎక్స్‌టెన్షన్‌ను కొసకు దగ్గరగా పట్టుకుని పట్టీ నుంచి తీయండి. మొదలు వైపు రెండు మిల్లీమీటర్లు గ్లూలో ముంచి, తొందరపడకుండా బయటికి లాగండి. గబుక్కున లాగితే మొదట్లో గుండు కడుతుంది. ఆవగింజలా కనబడితే చాలు, అది ఎక్కువైనట్టే. చుక్క అంచుకు ఒకసారి తాకించి తగ్గించండి. సొంత వెంట్రుక మధ్యలో తాకించి, మొదలు వైపు ఒక్కసారి రాసినట్టు తెచ్చి, చర్మానికి అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు దూరంలో ఆపండి. చర్మానికి తగలకూడదు. తగిలితే దురద, వాపు. మరీ దూరమైతే వారానికే కొస బరువుకు తిరగబడుతుంది. మూడు లెక్కపెట్టండి. కుడి చేయి వదలండి. ఎడమ చేయి మాత్రం ఇంకో రెండు లెక్కపెట్టాక వదలాలి. మీ కస్టమర్‌కు కట్టలు కట్టింది ఆ ఎడమ చేయి తొందరవల్లనే అయి ఉంటుంది. గ్లూ ఇంకా పచ్చిగా ఉండగానే ట్వీజర్ తీసేస్తే, పక్కన కాచుకుని ఉన్నవి వచ్చి వాలిపోతాయి.

వరసగా ఒక మూల నుంచి వేసుకుంటూ పోవద్దు. బయటి మూల ఒకటి, మధ్యలో ఒకటి, లోపలి మూల ఒకటి, మళ్లీ రెండో కంటికి. ఈలోగా మొదటిది ఆరుతుంది. ఇరవై నిమిషాలకోసారి ట్వీజర్ మొనను రెప్ప మొదట్లో అడుగు నుంచి పైకి పోనివ్వండి. ఎక్కడ తట్టుకుంటే అక్కడ రెండు కలిసినట్టు. పచ్చిగా ఉన్నప్పుడే మెత్తగా విడదీయవచ్చు. ఆరాక అయితే గ్లూను కరిగించే క్రీమ్ రిమూవర్ తప్ప వేరే దారి లేదు, గోటితో పీకడం అసలే లేదు.

ఆ కస్టమర్‌కు ఫోను చేశారా? మీ ఉత్తరంలో ఆ మాట లేదు. పిలవండి. మిగిలినవన్నీ రిమూవర్‌తో ఉచితంగా తీసేయండి. కుదురు బాగుంటే రెండు మూడు నెలల్లో వెంట్రుకలు తిరిగి వస్తాయని చెప్పండి, అప్పటిదాకా ఏమీ వేయకండి. రెప్ప ఎర్రగా వాచి ఉంటే కంటి డాక్టర్ దగ్గరకు వెంట వెళ్లండి. ఇబ్బందిగానే ఉంటుంది. నేనూ ఒకసారి అలా వెళ్లాను. ఆవిడ ఇప్పటికీ నా కస్టమరే.

కళ్లు మండడానికి కారణాలు వెతకడం సులువు. కన్ను పూర్తిగా మూతపడకపోతే గ్లూ ఆవిరి లోపలికి పోతుంది. కింద వేసిన జెల్ ప్యాడ్ పైకి జరిగి కంటి అంచును గుచ్చినా మండుతుంది, నీరు కారుతుంది. ఆ నీరు తగిలి గ్లూ తెల్లబడుతుంది. ప్యాడ్ అంచు కింది రెప్ప వెంట్రుకలను కప్పాలి, కంటి తడి అంచును మాత్రం తాకకూడదు. వేశాక టార్చితో పక్క నుంచి చూడండి, తెల్లగుడ్డు సన్నగా మెరుస్తుంటే కన్ను తెరిచి ఉన్నట్టే. కాంటాక్ట్ లెన్సులు ముందే తీయించాలి. ఇంకొకటి అడుగుతాను: వాళ్లను ఎక్కడ పడుకోబెడుతున్నారు? థ్రెడింగ్ కుర్చీలో మెడ వెనక్కి వాల్చి రెండు గంటలు అయితే ఎవరైనా కదులుతారు, కళ్లు తెరుస్తారు. పాతదైనా ఒక ఫేషియల్ మంచం కొనండి. మీ నడుముకూ అది కావాలి.

మంట వేరు, అలర్జీ వేరు. పని చేస్తుండగా మండి కొన్ని గంటల్లో తగ్గిపోతే మంట. మర్నాడో ఆ మర్నాడో రెండు రెప్పలూ ఉబ్బి దురద పెడితే అలర్జీ. అలర్జీ ఒకసారి వచ్చినవారికి మళ్లీ వేస్తే ఇంకా ఎక్కువ వస్తుంది. బ్రాండ్ మార్చినా లాభం ఉండదు, ఎందుకంటే అన్నిటిలోనూ ఆ సైనోయాక్రిలేటే. అందుకే కొత్తవారికి బయటి మూలల్లో రెండు మూడు వెంట్రుకలు మాత్రం వేసి, 48 గంటలు చూసి, ఆ తరువాతే పూర్తి పని ఒప్పుకోండి. ‘అంత టైము లేదు’ అనేవారిని వదులుకోండి. వానల్లో కండ్లకలకలు కూడా తిరుగుతుంటాయి. కన్ను ఎర్రగా ఉన్నవారిని, కురుపు ఉన్నవారిని, రెప్ప అంచున చుండ్రులా పొట్టు ఉన్నవారిని, ఈ మధ్యే కంటి ఆపరేషన్ అయినవారిని తిప్పి పంపండి. ట్వీజర్లు ప్రతి ఒక్కరికీ సబ్బుతో కడిగి, 70 శాతం ఆల్కహాల్‌లో నానబెట్టాలి. పొరపాటున గ్లూ కంట్లో పడితే రెప్పలను బలవంతంగా విడదీయకుండా, శుభ్రమైన నీటితో ధారగా కడుగుతూ డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లాలి.

నూనె గురించి మీరు రాయలేదు, కానీ మన ఊళ్లో దాన్ని వదిలి లాష్ పని లేదు. తలకు కొబ్బరినూనె దట్టించి, కంటికి కాటుక పెట్టి, ‘ముఖం కడుక్కునే వచ్చాను’ అంటూ వచ్చేవారే సగం మంది. కాటుకలో ఉండేది జిడ్డే. అది వెంట్రుక మొదట్లో పట్టి ఉంటే ఏ గ్లూ నిలవదు. నూనె లేని ఫోమ్ క్లెన్సర్‌తో, మెత్తటి బ్రష్‌తో రెప్ప మొదళ్లు కడగండి, నీటితో తుడవండి, పూర్తిగా ఆరనివ్వండి. దూదితో తుడిస్తే పీచు చిక్కుకుంటుంది. మీ కస్టమర్లలో ఎనుమాముల మార్కెట్ అడ్తిల ఇళ్లవారు ఉంటారు కదా, వాళ్లకు ఇంకో జాగ్రత్త చెప్పండి. మిర్చి బస్తాల దగ్గర ఉండి వచ్చిన చేత్తో కళ్లు నలుపుకుంటే రెండు వారాల పని రెండు రోజుల్లో పోతుంది. చపాటా రకమైతే కారం తక్కువ కాబట్టి కాస్త నయం, తేజ రకమైతే మాత్రం దేవుడే దిక్కు.

ఇక మీ చెల్లెలు. 15 మిల్లీమీటర్లు వద్దు. ముందు ఆమె సొంత వెంట్రుక కొలవండి. తొమ్మిది మిల్లీమీటర్లు ఉంటే దానికి రెండు, మహా అయితే మూడు కలపవచ్చు. అంతకు మించితే బరువుకు వెంట్రుక వాలిపోతుంది. మందం గురించి కూడా షాపులవాళ్లు చెప్పని లెక్క ఒకటి ఉంది. 0.15 బదులు 0.20 తీసుకుంటే పెరిగింది 0.05 మిల్లీమీటరే అనిపిస్తుంది. బరువు మందంతో పాటు కాదు, మందం వర్గంతో పెరుగుతుంది. అంటే దాదాపు 1.8 రెట్లు. అదే పొడుగులో 0.05 వెంట్రుకలు తొమ్మిది కలిపితే గానీ ఒక 0.15 బరువు రాదు. వాల్యూమ్ ఫ్యాన్లు (కొన్ని సన్నటి వెంట్రుకలను విసనకర్రలా విప్పి ఒకే సొంత వెంట్రుకకు అతికించేవి) నిండుగా ఉండి తేలిగ్గా ఉండడానికి కారణం అదే. మీరు ఇంకా ఫ్యాన్ల జోలికి పోకండి. ఒకటికి ఒకటి వేసే క్లాసిక్ పద్ధతిలో చేయి కుదిరాక చూద్దాం. ఆమెకు 0.12 లేదా 0.15 సరిపోతుంది. (మింక్ అని రాసి ఉన్నా అది చాలావరకు పీబీటీ అనే పాలిస్టర్ జాతి పోగే, పేరుకు అదనంగా డబ్బు ఇవ్వకండి.)

వంపు విషయంలోనూ అంతే. బాగా పైకి తిరిగిన డి వంపు ఫోటోలో బాగుంటుంది. కానీ సూటిగా కిందికి చూసే వెంట్రుకకు అది మొదట్లో కొద్దిగా మాత్రమే ఆనుతుంది, పట్టు తక్కువ. దానికన్నా తక్కువ తిరిగిన సి వంపు వేయండి. జెల్ ప్యాడ్ మీద పెన్నుతో గీతలు పెట్టుకుని, లోపలి మూలకు 8, తరువాత 9, 10, మధ్య దాటాక 11, 12, చివరి మూలకు మళ్లీ 11. అన్నిటికన్నా పొడుగైనవి చివర్లో పెడితే కన్ను కిందికి జారినట్టు, ఏడుపు ముఖంలా కనబడుతుంది. పెళ్లికూతురు తల వంచుకునే ఉంటుంది కాబట్టి ఫోటోల్లో రెప్పే కనబడుతుంది, అక్కడ పొడుగు కన్నా సమానంగా వేసిన పని ముఖ్యం. ఆమె కళ్లజోడు పెట్టుకుంటుందా? అయితే ఒక్కటంటే ఒక్కటి 15ది వేసి జోడు పెట్టుకోమనండి. అద్దానికి తగిలి టపటపమంటుంటే ఆమే వద్దంటుంది.

ఆషాఢంలో పెళ్లి బేరాలు ఎలాగూ ఉండవు. ఈ నెల మనిషి తల బొమ్మ మీద, అభ్యాసం పట్టీల మీద రోజుకు గంట కూర్చోండి. రెండు కళ్లూ మూడు గంటల్లోపు, ఒక్క కట్ట కూడా లేకుండా రాగానే మీ చెల్లెలికి ప్యాచ్ టెస్ట్ (పైన చెప్పిన 48 గంటల పరీక్ష) చేయండి, పెళ్లికి కనీసం పది రోజుల ముందు. అలర్జీ వస్తే ఆ రోజుకు మామూలు స్ట్రిప్ (పట్టీలా అతికించి తీసేసే కృత్రిమ రెప్ప వెంట్రుకలు) పెట్టుకుంటుంది, అంతే. నలుగు, నూనె, మంగళస్నానం వరుసను చిన్నమ్మతో కూర్చుని రాసుకోండి. నూనె తంతు పూర్తయ్యాకే, పెళ్లికి ఒకటి రెండు రోజుల ముందు లాషెస్ వేయండి. జీలకర్ర బెల్లం నుదుటి మీదకు కారితే తుడవడానికి పక్కన ఎవరినైనా పెట్టండి. తలంబ్రాలప్పుడు కళ్లు మూసుకోమనండి. అప్పగింతల్లో ఏడుస్తుంది, ఏడవనివ్వండి, కన్నీళ్లకు ఊడవు. కొంగుతో అడ్డంగా రుద్దుకుంటేనే ఊడతాయి. టిష్యూతో అద్దుకోమని ముందురోజే చెప్పండి, ఆ పూట చెబితే వినే స్థితిలో ఉండదు.